భాష రాకుండా థాయ్ ఇంటి హోటల్లో తినొచ్చా? నిక్షేపంగా తినొచ్చు

మీరు అడిగింది ఇదీ: బ్యాంకాక్ వెళ్తున్నారు. టూరిస్టులు తిరిగే వీధుల్లో కాకుండా, ఏదో ఒక కుటుంబం నడుపుకునే చిన్న హోటల్లో తినాలని ఉంది. భాష రాదు, మెనూ అంతా థాయ్‌లో ఉంటుందని టెన్షన్. పైగా మీ ఆవిడ శాకాహారి.

తప్పకుండా వెళ్ళండి. నేను చెప్పేది ఒక్కటే: మీకు ముందే పేరు తెలిసిన వంటకం కోసం వెతక్కండి. ఆ హోటలువాళ్ళు రోజూ ఏం వండుతారో అదే తినండి.

టూరిస్టుల కోసం పెట్టిన చోట పట్ థాయ్, గ్రీన్ కర్రీ, టామ్ యమ్ అన్నీ ఒకే మెనూలో దొరుకుతాయి. ఇంటివాళ్ళు నడిపే చోట అలా ఉండదు. ఒకరు నూడుల్సే అమ్ముతారు. ఒకరు తెల్లవారుజామునే పది రకాల కూరలు వండి, ట్రేలలో పెట్టి, అన్నం మీద వడ్డిస్తారు. దాన్ని ఖావ్ కేంగ్ అంటారు. అక్కడ భాషతో పనే లేదు, వేలు చూపిస్తే చాలు. కాకపోతే మధ్యాహ్నం దాటితే ట్రేలు ఖాళీ అయిపోతాయి, అందుకని పెందలాడే వెళ్ళాలి. ఇంకోచోట మీరు చెప్పాక అప్పటికప్పుడు పెనం మీద వేయించి పెడతారు. అక్కడ పట్ కప్రావ్ అడగండి, కావాలంటే పైన వేయించిన గుడ్డు వేస్తారు. అందులో వేసే ఆకు మన తులసే. మాంసంలో తులసి ఏమిటని మొదట కాస్త వింతగా ఉంటుంది కానీ, ఆ వాసనకి అలవాటు పడితే వదలరు.

నేను ఏఐటీలో, అంటే ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివాను. బ్యాంకాక్‌కి ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, పథుమ్ థానీ ప్రావిన్స్‌లోని ఖ్లోంగ్ లువాంగ్‌లో ఉంటుంది. మన తెలుగు విద్యార్థులు చాలామంది అక్కడ చదివారు. పక్కనే థమ్మసాట్ యూనివర్సిటీ రంగ్‌సిట్ క్యాంపస్, ఆ చుట్టుపక్కలే తలాట్ థాయ్ హోల్‌సేల్ మార్కెట్, నవ నకోర్న్ పారిశ్రామికవాడ. ఫ్యాక్టరీల్లో పనిచేయడానికి ఈశాన్య జిల్లాల నుంచి, అంటే ఈసాన్ ప్రాంతం నుంచి, ఎంతోమంది వస్తారు. వాళ్ళతో పాటు వాళ్ళ తిండీ వచ్చింది. కాబట్టి అసలైన ఈసాన్ వంట తినడానికి మీరు ఈసాన్‌లోని ఖోన్ కేన్ నగరం దాకా ప్రయాణం చేయక్కర్లేదు. బ్యాంకాక్ నుంచి రెడ్ లైన్ రైలు 2021 నుంచి రంగ్‌సిట్ వరకు నడుస్తోంది, అక్కడ దిగితే సగం పని అయినట్టే.

మేం ఎక్కువగా వెళ్ళే హోటలు ఒక ఇంటి ముందు భాగమే. వెనకాల వాళ్ళు కాపురం ఉంటారు, ముందు రేకుల పందిరి కింద నాలుగైదు స్టీలు బల్లలు. పెద్దావిడ రోలు ముందు కూర్చుంటుంది, అల్లుడు బొగ్గుల మీద కోళ్ళు కాలుస్తాడు, కూతురు ఆర్డర్లు తీసుకుంటుంది. సాయంత్రం బడి నుంచి వచ్చిన మనవడు యూనిఫాం కూడా విప్పకుండా గ్లాసుల్లో ఐసు వేసి తెస్తాడు. అక్కడ తినాల్సినవి మూడే: సోం తమ్, కాల్చిన కోడి, బంక అన్నం.

సోం తమ్ అంటే పచ్చి బొప్పాయి తురుము. వెల్లుల్లి, పచ్చిమిర్చి, తాటి బెల్లం, నిమ్మరసం, చేప సాస్, టమాటా, బొబ్బర్ల కాయలు వేసి రోట్లో దంచుతారు. మన రోటి పచ్చడి చేసే పద్ధతే, కాకపోతే మెత్తగా నూరరు, ముక్కలు నలిగితే చాలు. దంచే ముందు ఆవిడ మిరపకాయలు ఎన్ని అని అడుగుతుంది. మనం గుంటూరు కారం తిన్నవాళ్ళమే, అయినా మొదటిసారి రెండు అని వేళ్ళతో చూపించండి. ఇక్కడ నూనె, నెయ్యి తగలని పచ్చి మిర్చి నేరుగా నాలుక మీద పడుతుంది, కారం తీరే వేరు. నీళ్ళు తాగితే తగ్గదు. ఆ పక్కన పెట్టే క్యాబేజీ, అలసంద కాయలు, బంక అన్నం అందుకే.

సోం తమ్ థాయ్ అని అడిగితే వేరుశనగలు, ఎండు రొయ్యలు వేసి కాస్త తియ్యగా చేస్తారు. మొదట అదే తినండి. ప్లా రా వేసింది ఈసాన్ వాళ్ళ ఇష్టమైన రకం. ప్లా రా అంటే ఊరబెట్టిన మంచినీటి చేప, వాసన గాఢంగా ఉంటుంది. నాకు అదే ఇష్టం. కానీ ఒక జాగ్రత్త ఉంది. ఆ ప్రాంతంలో పచ్చి మంచినీటి చేప తినడం వల్ల కాలేయంలో చేరే ఒక పురుగు చాలాకాలంగా పెద్ద ఆరోగ్య సమస్య, అది ముదిరితే పిత్త నాళాల క్యాన్సర్‌కి కూడా దారితీస్తుంది. అందుకే ఉడికించిన ప్లా రా వాడతారా అని అడగండి. 'సుక్' అంటే ఉడికింది. లాబ్ అనే మాంసం వంటకాన్ని కూడా కొన్నిచోట్ల పచ్చిగా చేస్తారు, అక్కడా ఇదే మాట.

బంక అన్నం చిన్న వెదురు బుట్టలో వస్తుంది. చేత్తోనే తినాలి. వేళ్ళతో కొంచెం తుంచి, ముద్ద చేసి, పులుసులో అద్దుకోవాలి. తుంచుకున్న వెంటనే మూత పెట్టేయండి, లేకపోతే గట్టిపడుతుంది. మామూలు అన్నమైతే కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ఫోర్కు. ఫోర్కుతో అన్నాన్ని చెంచాలోకి తోసుకోవాలి, దాన్ని నోట్లో పెట్టుకోరు. చాప్‌స్టిక్‌లు నూడుల్స్‌కే.

మాంసం గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. మూ అంటే పంది, గై అంటే కోడి, నువా అంటే గొడ్డు మాంసం. ఏదీ చెప్పకపోతే చాలాచోట్ల పంది వేసేస్తారు, నూడుల్స్ పులుసు కూడా తరచుగా పంది ఎముకలదే. రంగ్‌సిట్ పడవ నూడుల్స్‌కి (ఒకప్పుడు పడవల మీద అమ్మిన పులుసు నూడుల్స్) మంచి పేరు, కానీ అందులో రక్తం కలుపుతారు, ఇష్టం లేకపోతే ముందే చెప్పండి. తినని దాని ముందు 'మాయ్ కిన్' అంటే సరిపోతుంది. మాయ్ కిన్ మూ అంటే పంది తినను అని. చైనా మూలాలున్న కొన్ని కుటుంబాలు గువాన్ యిన్ దేవత మీద భక్తితో గొడ్డు మాంసం ముట్టరు, అలాంటి ఇంటి హోటల్లో అసలు వండరు కూడా.

వడ్డించేవాళ్ళని పిలవడానికి 'ఫీ' అనండి, మనం అక్కా, అన్నా అన్నట్టు. పెద్దావిడనైతే 'పా' అనొచ్చు. వయసు సరిగ్గా తేలకపోతే ఫీ అనడమే మంచిది, ఎవరూ నొచ్చుకోరు. మాట చివర మగవాళ్ళు క్రాప్, ఆడవాళ్ళు ఖా అంటారు. పక్క బల్ల మీద ఏదైనా బాగుందనిపిస్తే చూపించి అదే కావాలని చెప్పడం అక్కడ తప్పేమీ కాదు, నవ్వుతూ తెచ్చిపెడతారు. అన్నం, పట్ కప్రావ్ కలిపి 50, 60 భాత్ అవుతుంది. కార్డులు తీసుకోరు, స్థానికులు ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కట్టేస్తారు. మీరు 20, 100 భాత్ నోట్లు దగ్గర ఉంచుకోండి.

ఇక మీ ఆవిడ సంగతి. ఈసాన్ హోటల్లో ఆవిడకి బంక అన్నం, పక్కన పెట్టే పచ్చి కూరగాయలు తప్ప నమ్మకంగా తినేది ఏదీ ఉండదు, ఇది ముందే తెలుసుకోవాలి. కూరగాయల వేపుడులో కూడా చేప సాస్, ఆయిస్టర్ సాస్ పడతాయి, కూర ముద్దల్లో రొయ్యల పేస్టు ఉంటుంది. వాళ్ళ దృష్టిలో అది మాంసం కాదు, రుచి కోసం వేసేది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో 'జే' (థాయ్ లిపిలో เจ) అని రాసిన హోటలు కోసం చూడండి. వాటిలోనూ చాలా భాగం కుటుంబాలు నడిపేవే. జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ లేకపోవడమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. కార్తీక మాసంలో మనం తినే తీరుకి దగ్గరగా ఉంటుంది. మొదటి పూట ఆవిడతో అలాంటి చోటికి వెళ్ళండి. రెండో పూట ఈసాన్ హోటలుకి వెళ్ళే ముందు ఆవిడకి జే హోటల్ నుంచి పార్సిల్ కట్టించుకుని వెళ్తే, చిన్న హోటలువాళ్ళు సాధారణంగా ఏమీ అనుకోరు, కానీ కూర్చునే ముందు ఒకసారి చూపించి అడగండి.