పన్ను తీసిన గాయం మానలేదా? ఎముకల ఇంజెక్షన్ సంగతి డాక్టరుకు చెప్పారా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నా మాత్రలతో కంట్రోల్‌లోనే ఉన్నాయి. ఎముకలు గుల్లబారాయంటే మూడేళ్లుగా ఏడాదికోసారి ఇంజెక్షన్ ఎక్కిస్తున్నాం. తొమ్మిది వారాల క్రితం కింది దవడ పన్ను పీకించాం. చిగురు ఇంకా మూసుకోలేదు. గుంటలో తెల్లగా, గట్టిగా ఏదో ఉంది, నాలుక గీసుకుంటోంది అంటోంది. మెడికల్ షాపులో అడిగి మూడుసార్లు యాంటీబయాటిక్స్ వాడాం. ఒక క్లినిక్‌లో ‘మీ రక్తంలోంచే స్టెమ్ సెల్స్ తీసి పెడతాం, పది రోజుల్లో మానుతుంది, 40 వేలవుతుంది’ అన్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: స్టెమ్ సెల్స్ సంగతి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఎముకల ఇంజెక్షన్ గురించి రాసిన ఆ ఒక్క వాక్యం. పన్ను పీకిన డాక్టరుకు ఆ ఇంజెక్షన్ గురించి చెప్పారా? చాలామంది చెప్పరు. షుగర్ ఉందని చెబుతారు, బీపీ ఉందని చెబుతారు. ఏడాదికోసారి వేయించుకునే ఇంజెక్షన్ మాత్రం గుర్తుకే రాదు.

ఏడాదికోసారి ఎక్కించేదంటే అది బహుశా జోలెడ్రోనిక్ యాసిడ్ అయి ఉంటుంది. ఎముకలు గుల్లబారినవాళ్లకు మంచి మందు, తుంటి విరగకుండా కాపాడుతుంది. పాత ఎముకను కరిగించే కణాలను అది అణచి ఉంచుతుంది. పన్ను పీకాక దవడకు ఆ కణాలతోనే పని పడుతుంది. గుంటలోని పాత ఎముకను అవి సరిచేస్తూ ఉంటేనే కొత్త ఎముక కుదురుకుంటుంది. ఆ పని మందగిస్తే కొందరిలో ఎముక చచ్చుబడి, పైన చిగురు కప్పుకోకుండా బయటే ఉండిపోతుంది. ఈ మందులు వాడినవారిలో, దవడకు రేడియేషన్ ఇవ్వకపోయినా, ఎనిమిది వారాలు దాటాక కూడా ఎముక బయటికి కనిపిస్తుంటే మేం మందుల వల్ల దవడ ఎముక చచ్చుబడిందని అనుమానిస్తాం. దీని గురించి వైద్య పత్రికల్లో మొదట రాసింది 2003లో. గుల్లబారిన ఎముకలకు ఇచ్చే మోతాదులో ఇది అరుదు, క్యాన్సర్ రోగులకు ఇచ్చే మోతాదులో ఎక్కువ.

అమ్మగారికి అదే వచ్చిందని నోరు చూడకుండా నేను చెప్పలేను. ఆ తెల్లటిది మిగిలిపోయిన వేరు ముక్క కావచ్చు. ఊడి రావడానికి సిద్ధంగా ఉన్న చిన్న ఎముక పెళ్లా కావచ్చు. ఆమెకు చుట్ట, జర్దా కిళ్లీ అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. మానని పుండు వెనుక క్యాన్సర్ దాగి ఉండే అవకాశాన్నీ మేం కొట్టిపారేయం. అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతాం. టెన్షన్ పెట్టాలని కాదు, ఇవన్నీ తేల్చకుండా గుంటలో ఏదైనా పెట్టి మూసేయడం ప్రమాదమని చెబుతున్నాను.

మామూలుగా అయితే పీకిన చోట గడ్డకట్టిన రక్తమే మొదటి కట్టు. వారానికల్లా ఎర్రటి లేత కండ పెరుగుతుంది, మూడు నాలుగు వారాల్లో చిగురు మూసుకుంటుంది, లోపల ఎముక నిండటానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. నాలుగో వారం దాటినప్పుడే మీరు వెనక్కి వెళ్లి చూపించాల్సింది. ఐదు వారాలు మెడికల్ షాపు చుట్టూ తిరిగారు. నా దగ్గరికి ఇలాంటివాళ్లు వస్తుంటారు. సంచీ తెరిస్తే మూడు రకాల యాంటీబయాటిక్ స్ట్రిప్పులు, ఒక్కోదాంట్లో రెండేసి మాత్రలు మిగిలి ఉంటాయి. నొప్పి తగ్గగానే ఆపేశామంటారు. సగం సగం వాడిన మందు వాపును కొన్నాళ్లు అణుస్తుంది, రోగాన్ని మా కంటికి కనపడకుండా చేస్తుంది. తర్వాత నేను రాసే మందు పనిచేయకపోవచ్చు కూడా. పైగా షుగర్, బీపీ ఉన్నవాళ్లు నొప్పి మాత్రలు సొంతంగా వాడితే కిడ్నీలకు దెబ్బ. దయచేసి ఈ సొంత వైద్యం ఇంక ఆపండి.

ఇక ఆ 40 వేల సంగతి. వాళ్లు చెప్పింది వింటే అది స్టెమ్ సెల్ చికిత్సలా లేదు. చేతి నుంచి కొద్దిగా రక్తం తీసి, యంత్రంలో గిర్రున తిప్పితే పసుపు రంగు జెల్లీలాంటి ముద్ద వస్తుంది. దాన్ని పీఆర్‌ఎఫ్ అంటాం. ప్లేట్‌లెట్లు, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ పోగులు ఉండే ముద్ద అది. కింది జ్ఞానదంతం తీసినప్పుడు నొప్పి, డ్రై సాకెట్ (గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి ఎముక బయటపడటం) కొంత తగ్గడానికి ఉపయోగపడుతుంది, నేనూ వాడతాను. కానీ దాన్ని స్టెమ్ సెల్స్ అని చెప్పి అమ్మడం తప్పు.

అసలు స్టెమ్ సెల్స్, అంటే రకరకాల కణాలుగా మారగల మూలకణాల మీద పరిశోధన నిజంగానే సాగుతోంది. పంటి గుజ్జులో మూలకణాలున్నాయని 2000లో, పాలపళ్లలోనూ ఉన్నాయని 2003లో తేలింది. 2009లో ఇటలీ వైద్యులు జ్ఞానదంతం తీసిన గుంటల్లో రోగి పంటి గుజ్జు కణాలను కొల్లాజెన్ స్పాంజిలో పెట్టి చూస్తే ఎముక త్వరగా నిండింది. మూడేళ్ల తర్వాత పరీక్షిస్తే అక్కడ పెరిగిన ఎముక ఆ చోట మామూలుగా ఉండాల్సినట్టు స్పాంజిలా కాక గట్టిగా, దట్టంగా ఉంది. అంటే ఇంకా నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణాల మార్పిడి తప్ప మిగతావన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డబ్బు కట్టించుకుని స్టెమ్ సెల్స్ అంటే అనుమానించండి.

ఈ వారంలోనే నోరు, దవడల సర్జన్‌కు చూపించండి. దంత వైద్య కళాశాల ఆసుపత్రుల్లో ఈ విభాగం ఉంటుంది, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ కళాశాలలోనూ ఉంది. ఇంజెక్షన్ వేసిన చీటీలన్నీ, తేదీలతో సహా పట్టుకెళ్లండి. రెండు దవడలూ ఒకేసారి కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీస్తారు, అవసరమైతే స్కాన్. ‘కంట్రోల్‌లోనే ఉంది’ అని రాశారు గానీ అంకె రాయలేదు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి అదీ తీసుకెళ్లండి. తర్వాతి ఇంజెక్షన్ వేయించాలా వద్దా అన్నది ఎముకల డాక్టరు, సర్జన్ కలిసి తేల్చాలి, మీ అంతట మీరు ఆపొద్దు. ఇప్పటికే ఒంట్లోకి వెళ్లిన మందు ఎముకలో ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి ఇప్పుడు ఆపినంత మాత్రాన గాయం మానిపోదు కూడా.

అప్పటిదాకా ఆ తెల్లముక్కను గోటితో, సూదితో కదపనివ్వకండి. లవంగ నూనె పోయకండి. తిన్న ప్రతిసారీ గోరువెచ్చటి ఉప్పునీళ్లతో మెల్లగా పుక్కిలిస్తే చాలు. జ్వరం వచ్చినా, దవడ కింద వాపు పెరిగినా, చీము కారినా, కింది పెదవి మొద్దుబారినా వారం ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.