కడప ఎండలో విమానం పైకి లేవకపోతే

తమ్ముడూ, మధ్యాహ్నం మన చిన్న విమానం సెస్నా 172 రన్‌వే వదలడానికి చాలా దూరం తీసుకుంటోంది, ఇంజిన్ లోపమా అని అడిగావు. ఫుల్ థ్రాటిల్‌లో (ఇంజిన్‌కి పూర్తి పవర్ ఇచ్చినప్పుడు) ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు, మిగతా గేజ్‌లు సరిగ్గా చూపిస్తుంటే కారణం చాలావరకు ఎండే. వేడికి గాలి పల్చబడుతుంది. సముద్రమట్టానికి 500 అడుగుల ఎత్తున్న రన్‌వే మీద 42 డిగ్రీలుంటే, విమానానికి అది దాదాపు 3,900 అడుగుల ఎత్తుతో సమానం. ఇంజిన్, ప్రొపెల్లర్, రెక్కలు మూడూ నీరసిస్తాయి.

అసలు ప్రమాదం ఆ తర్వాత. పైకి లేవట్లేదని టెన్షన్‌తో యోక్ (విమానం స్టీరింగ్) వెనక్కి లాగుతాం, రెక్కలు పట్టు కోల్పోబోతున్నాయని హెచ్చరించే స్టాల్ హారన్ సన్నగా కూయడం మొదలవుతుంది. లాగొద్దు! ముక్కు కాస్త దించి మాన్యువల్ చెప్పిన క్లైంబ్ స్పీడ్ (పైకెక్కే వేగం) పట్టుకో. 172లో ఎస్ మోడల్‌కైతే సముద్రమట్టం దగ్గర 74 నాట్లు. టేకాఫ్ దూరం ముందే చార్టులో చూడు, ఇంధనం అవసరమైనంతే, రిజర్వ్‌తో (అత్యవసరానికి ఉంచే ఇంధనంతో) సహా నింపించు. వీలైతే పొద్దున్నే ఎగురు. ఆర్‌పీఎం తగ్గితే మాత్రం టేకాఫ్ ఆపేసి మెకానిక్‌కి చూపించు.