జనం మధ్య పిల్లవాణ్ని సహజంగా తీయడం: ‘లిటిల్ ఫ్యుజిటివ్’ పద్ధతి

‘లిటిల్ ఫ్యుజిటివ్’ (1953) అనే అమెరికన్ సినిమాలో ఏడేళ్ల జోయీ అంత రద్దీలో కెమెరా ఉందన్న ధ్యాసే లేకుండా ఎలా తిరిగాడు, చిన్న యూనిట్‌తో మనమూ అలా తీయగలమా అని అడిగారు. తీయొచ్చు. కాకపోతే షూటింగ్‌లో తప్పించుకున్న కష్టమంతా డబ్బింగ్‌లో పడాల్సి వస్తుంది.

ఈ సినిమా దర్శకుల్లో ఒకడైన మోరిస్ ఎంగెల్ అసలు ఫోటోగ్రాఫర్. చార్లీ వుడ్రఫ్ చేత భుజానికి తగిలించుకునే చిన్న 35 ఎంఎం కెమెరా చేయించుకున్నాడు. ట్రైపాడ్ లేదు, లొకేషన్‌లో సౌండ్ రికార్డింగ్ లేదు. అందుకే సినిమా తీసిన న్యూయార్క్ బీచ్ కోనీ ఐలండ్‌లో జనం మామూలుగానే తిరిగారు. మీరూ కెమెరాను నడుము దగ్గర పట్టుకోండి. దాదాపు మూడున్నర అడుగుల ఎత్తు, అంటే ఆ వయసు పిల్లల కంటి ఎత్తే.

ఆటోఫోకస్ మాత్రం వాడకండి, అడ్డొచ్చిన ప్రతి మొహం మీదికీ దూకుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 28 ఎంఎం లెన్స్ వేసి, అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8లో పెట్టి, ఫోకస్ 11 అడుగుల దగ్గర బిగించేయండి. అయిదున్నర అడుగుల నుంచి ఎంత దూరందాకా అయినా అంతా స్పష్టంగా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 100, షటర్ 1/50 సెకను పెడితే మూడు స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురును ఎనిమిదో వంతుకి తగ్గించే అద్దం) తప్పదు.

అన్నిటికంటే ముఖ్యం పిల్లాడికి చెప్పే తీరు. ‘దిగులుగా ఉండు’ అంటే మొహం బిగుసుకుపోతుంది. పని అప్పజెప్పండి. జోయీ పొట్టి గుర్రం (పోనీ) ఎక్కడానికి డబ్బుల కోసం బీచ్‌లో ఖాళీ సోడా సీసాలు ఏరుకుంటాడు. సీసా కనబడాలి, పరుగెత్తాలి, చేతుల్లో పట్టనన్ని మోయాలి. ఇన్ని పనుల్లో పడ్డవాడికి లెన్స్ వైపు చూసే తీరికేదీ? సినిమాకి ప్రాణం ఆ ఘట్టమే అని నా అభిప్రాయం. మూడో టేక్‌కల్లా ఆ తాజాదనం తగ్గిపోతుంది, కాబట్టి రిహార్సల్ లేకుండా మొదటిదే రోల్ చేయండి. పెద్దవాళ్లెవరైనా వాణ్ని కనిపెట్టుకుని ఫ్రేమ్ బయటే ఉండాలి. ఒకే రకం బట్టలు రెండు జతలు దగ్గర పెట్టుకోండి.

ఇక సౌండ్. డబ్బింగ్ మాటలకు పెదవుల కదలిక కలవకపోవడమే ఇక్కడ వచ్చే పెద్ద చిక్కు. మాటలు తగ్గించి, ఉన్నవాటిని వీపు వైపు నుంచో దూరం నుంచో తీయండి. ఆ సినిమాలోనూ చాలాసేపు మాటలుండవు, ఎడ్డీ మాన్సన్ వాయించిన హార్మోనికానే (మౌతార్గాన్) కథ నడిపిస్తుంది. డబ్బింగ్ నెలల తరబడి వాయిదా వేస్తే పిల్లాడి గొంతు మారిపోవచ్చు. షూటింగ్ అయిన వెంటనే చెప్పించండి. ప్రతి చోటా కదలకుండా రెండు నిమిషాలు ఉత్త జనం చప్పుడు రికార్డు చేసుకోండి. అది లేకపోతే డబ్బింగ్ మాటలు గదిలో చెప్పినట్టే వినిపిస్తాయి.