కుమరి కండం: మైనస్ 120 దగ్గర గుర్తు పెట్టండి

ప్రశ్న: మా అబ్బాయి ప్లస్ టూ. గూగుల్ ఎర్త్‌లో కన్యాకుమారి కింద సముద్రం లేతనీలంగా ఉంది, అక్కడక్కడా తిన్నని గీతలు. సముద్రంలో మునిగిపోయిందని తమిళులు చెప్పుకునే కుమరి కండం అదేనని వాదిస్తున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: లేతనీలం అంటే అక్కడ లోతు తక్కువని, అంతే. గీతలు ఓడలు సోనార్‌తో లోతు కొలుస్తూ వెళ్లిన దారులు. ఓడ వెళ్లిన మేర కొలత వివరంగా ఉంటుంది, పక్కనంతా ఉపగ్రహ అంచనాతో నింపిన మొరటు లెక్క. ఆ తేడాయే వీధుల్లా కనిపిస్తుంది. 2009లో ఆఫ్రికాకు పడమట ఇలాంటి గళ్లనే అట్లాంటిస్ అన్నారు. కాదని గూగులే చెప్పాల్సి వచ్చింది.

బాణం గుర్తును కన్యాకుమారి నుంచి నేరుగా దక్షిణానికి జరపమనండి. కింద కనిపించే ఎత్తు అంకె మైనస్ 120 మీటర్లకు చేరిన చోట గుర్తు పెట్టాలి. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరినప్పుడు, సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు అంత తక్కువ. మనుషులు నడవగలిగిన నేల అక్కడికే సరి. ఆ గట్టు దాటితే సముద్రపు అడుగు వేల మీటర్ల లోతుకు జారిపోతుంది. ఇదే పని పాక్ అఖాతంలో చేస్తే శ్రీలంక వచ్చి మనకు అతుక్కుంటుంది. అక్కడ చాలాచోట్ల 15 మీటర్ల లోతు కూడా లేదు.

ఇక గ్రంథం సంగతి. ప్రాచీన తమిళ కావ్యం శిలప్పదికారానికి అడియార్కు నల్లార్ రాసిన వ్యాఖ్యలో పఃరుళి, కుమరి నదుల మధ్య 700 కావదాల (కావదం పాతకాలపు దూరపు కొలత) నేల, 49 నాడులు (సీమలు) కడలిపాలయ్యాయని ఉంది. కావదానికి పది మైళ్ల చొప్పున 7,000 మైళ్లని లెక్కగట్టినవారున్నారు. కన్యాకుమారి నుంచి అంత దూరం కిందికి పోతే దక్షిణ ధ్రువం కూడా దాటేస్తాం! పాండ్యుల తీరంలో కొంత నేలను సముద్రం మింగిందన్న జ్ఞాపకం వరకైతే కొట్టిపారేయనక్కర్లేదు. ఖండం మాత్రం కాదు.

ప్రశ్న: లెమూరియా, కుమరి కండం ఒకటేనా?
- ఒక పాఠకుడు, తాంబరం

జవాబు: కాదు, రెంటినీ తర్వాత అతికించారు. లెమూర్ల (కోతిజాతికి దగ్గరి జంతువుల) జాడ మడగాస్కర్‌లోనూ ఇండియాలోనూ ఎందుకుందో చెప్పడానికి 1864లో జంతుశాస్త్రవేత్త ఫిలిప్ స్క్లేటర్ ఊహించిన నేల లెమూరియా. దివ్యజ్ఞాన సమాజపు బ్లావట్‌స్కీ 1888లో అక్కడ ఒక మూలజాతినే (ఆ సమాజం నమ్మే తొలి మానవజాతుల్లో ఒకదాన్ని) కాపురం పెట్టించారు. ఖండాలే కదులుతాయని 1960లలో రుజువయ్యాక ఆ నేల అవసరం పోయింది. మారిషస్ కింద పాత ఖండపు ముక్క ఉందని 2013లో వచ్చిన వార్త నిజమే. కానీ ఇండియా, మడగాస్కర్ విడిపోయి దాదాపు 9 కోట్ల ఏళ్లు. మనిషి పుట్టి 3 లక్షలు.