టెక్ సందేహాలు: పాడేవాళ్లు ఇద్దరుంటేనే వేలం

ప్రశ్న: మా నాన్నగారి యాషికా ఎలక్ట్రో 35 కెమెరా ఏళ్లుగా బీరువాలో ఉంది. నా పాత ల్యాప్‌టాప్ కూడా అమ్మేయాలి. తక్కువ ధరతో మొదలుపెట్టి ఆన్‌లైన్ వేలంలో వదిలేస్తే పోటీలో ధర దానంతటదే పెరుగుతుందని మిత్రులు అంటున్నారు. నిజమేనా? ఎక్కడ పెట్టాలి? (విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఒకరోజు తెల్లవారుజామునే లేచి ఫిషింగ్ హార్బరుకు వెళ్లి రండి. చేపల గుట్ట చుట్టూ పదిమంది వ్యాపారులు మూగితే పాట ఎలా ఎగబాకుతుందో, ఒక్కరే మిగిలిన చోట ఎలా చతికిలబడుతుందో పావుగంటలో తెలిసిపోతుంది. కంప్యూటర్ తెర మీద జరిగే వేలంలోనూ ఇదే లెక్క, కాకపోతే అక్కడ ఎవరి గొంతూ వినిపించదు.

ఆన్‌లైన్ వేలాలకు పేరుపడిన అమెరికా సైటు ఈబే పద్ధతి చూడండి. కొనదలచినవారు తాము ఎంతవరకు పోగలరో సైటుకు ముందే రహస్యంగా చెప్పి ఉంచుతారు. ఆపైన వారి తరఫున సైటే పాడుతుంది, అదీ అవసరమైనంత మేరకే. మీ కెమెరాను 1,000 రూపాయల దగ్గర మొదలుపెట్టారనుకుందాం. ఒకాయన 6,000 దాకా, ఇంకొకాయన 4,500 దాకా వెళ్లమన్నారు. పాట పెరిగే మెట్టు వంద రూపాయలైతే అది 4,600 దగ్గర ఆగిపోతుంది. మొదటాయన జేబులో 6,000 ఉన్న సంగతి మీకు ఎప్పటికీ తెలియదు. ఆయన వెనక నిలబడినవారు ఎంతదాకా వచ్చారన్నదే మీ ధరను నిర్ణయిస్తుంది. రెండో మనిషి అసలు రాలేదంటే 6,000కు సిద్ధపడినాయన మీ నాన్నగారి కెమెరాను 1,000కే పట్టుకుపోతాడు. మీ మిత్రులు ఈ ముక్క చెప్పి ఉండరు.

దీనికి విరుగుడు రిజర్వు ధర, అంటే అమ్మేవారు ముందే పెట్టుకునే కనీస ధర. అంతకు తక్కువకు పాట ఆగితే వస్తువు ఇవ్వక్కరలేదు. ఇంకో చిక్కు, గడియారం. ఈబేలో సమయం ముగిసిందంటే ముగిసినట్లే, అందుకే ఆరితేరినవారు ఆఖరి క్షణాల దాకా నోరు మెదపరు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే తుక్కు వేలాల్లో ఇది సాగదు. చివరి నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు తనంతట తానే ఇంకొన్ని నిమిషాలు జరుగుతుంది. అమ్మేవారికి ఇదే మేలని నా అభిప్రాయం.

ఇక ఎక్కడ పెట్టాలన్న మాట. 2000లో మన దేశంలో మొదలైన బాజీ.కామ్‌ను 2004లో ఈబే కొనుక్కుంది. 2017లో ఈబే భారత విభాగం ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లింది, 2018 ఆగస్టులో మూతపడింది. ఆ తరువాత ఇంటి సామాను వేలానికి పెట్టుకునే అంతటి పెద్ద వేదిక మనకు మళ్లీ రాలేదు. ఓఎల్ఎక్స్‌లోనూ, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనూ జరిగేది వేలం కాదు, బేరం. మీ ల్యాప్‌టాప్‌కు అదే చాలు. అలాంటివి ఊళ్లో బోలెడు ఉంటాయి కనుక దానికోసం ఇద్దరు పంతం పట్టరు. అదే మోడల్‌కు విశాఖలో ఇతరులు ఎంత అడుగుతున్నారో వారం రోజులు గమనించండి. ఏ ప్రకటనలు త్వరగా మాయమవుతున్నాయో చూసి, ఆ ధరకు కాస్త పైన పెట్టండి, బేరానికి చోటుంటుంది. ఇచ్చే ముందు విండోస్ సెట్టింగ్స్‌లో రిసెట్ చేసేటప్పుడు ఫైళ్లన్నీ తొలగించే ఎంపికతో పాటు ‘క్లీన్ డేటా’ కూడా ఆన్ చేయండి. దానికి చాలా సమయం పడుతుంది, ఛార్జరు తగిలించి ఉంచండి.

కెమెరా సంగతి వేరు. దాన్ని కోరుకునేవారు కొద్దిమందే, కానీ గట్టిగా కోరుకుంటారు. 1995లో ఈబేను మొదలుపెట్టిన పియర్ ఒమిడ్యార్ తొలిసారి అమ్మిన వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్, పలికిన ధర 14.83 డాలర్లు. అది పనిచేయదని తెలుసా అని అడిగితే, పాడైనవే సేకరిస్తానని కొన్నాయన చెప్పాడట. పాత కెమెరాలు సేకరించేవారి ఫేస్‌బుక్ గ్రూపుల్లో మీ యాషికాను పెట్టండి. వ్యాఖ్యల కింద పాట నడిపే గ్రూపులు ఉన్నాయి. మీ అంతట మీరు నడిపితే ముగింపు వేళ, కనీస ధర, కొరియరు ఖర్చు ఎవరిదన్నది మొదటి వాక్యాల్లోనే రాయండి.

ఫొటోలు తీసే ముందు రెండు పరీక్షలు చేసుకోండి. ఫిల్ము జరిపే మీటను లాగినప్పుడు లోపల ‘టక్’మని ఒక చప్పుడు రావాలి. రాకపోతే లోపలున్న చిన్న రబ్బరు ముక్క కరిగిపోయి ఉంటుంది, ఈ కెమెరాకు పేరుమోసిన జబ్బే అది. రెండోది లెన్సు. ఫోను టార్చి వేసి ముందునుంచీ, వెనక మూత తెరిచి వెనకనుంచీ చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే బూజు పట్టినట్లే. మన సముద్రపు గాలికి బీరువాలో తోలు సంచిలో పెట్టిన లెన్సుకు బూజు పట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి. దాన్ని దాచకుండా ఫొటో తీసి పెట్టండి. బూజు ఉందని చెప్పి అమ్మిన వస్తువు తిరిగి రాదు. దీనికి మొదట్లో వాడిన పాదరసపు బ్యాటరీలు ఇప్పుడు దొరకవు, అడాప్టరుతో వేరే బ్యాటరీ పెట్టి షట్టరు సగం నొక్కితే పైన పసుపు, ఎరుపు దీపాలు వెలుగుతున్నాయో లేదో చిన్న వీడియో తీయండి. కొనేవారు అడిగే మొదటి ప్రశ్న అదే.

ప్రశ్న: ట్రాక్టరు బొమ్మ ఉన్న పాత ఐదు రూపాయల నోటు నా దగ్గర ఉంది. లక్షలు ఇస్తామని ఒక ప్రకటన చూసి ఫోను చేస్తే, వేలంలో చేర్చడానికి ముందుగా ఫీజు కట్టమన్నారు. కట్టవచ్చా? (గాజువాక నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వద్దు. ఇలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల లావాదేవీల్లో తన తరఫున ఫీజులు, కమిషన్లు వసూలు చేయడానికి ఎవరికీ అనుమతి ఇవ్వలేదనీ, తాను కూడా వసూలు చేయననీ స్పష్టంగా చెప్పింది. ఇప్పటికే ఏమైనా కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోను చేయండి.

ప్రశ్న: డైనింగ్ టేబులు అమ్మకానికి పెట్టిన పది నిమిషాలకే ఒకాయన ఫోను చేసి, నేవీలో పనిచేస్తున్నాను, బదిలీ మీద వస్తున్నాను, చూడకుండానే కొంటానన్నారు. డబ్బు అందుకోవడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటున్నారు. (మర్రిపాలెం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మిగతా ఊళ్లలో ఈ మాయగాళ్లు సైన్యం పేరు చెబుతారు. తూర్పు నౌకాదళం కేంద్రం మన ఊళ్లోనే ఉంది కనుక ఇక్కడ నేవీ పేరు చెబితే ఇట్టే నమ్ముతారని వారికి తెలుసు. నమ్మకం కుదరడానికి ముందు ఒక రూపాయి పంపుతారు, గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపుతారు. యూపీఐలో డబ్బు రావడానికి కోడ్ స్కాన్ చేయనక్కరలేదు, పిన్ నొక్కనక్కరలేదు. పిన్ అడిగిందంటే డబ్బు వెళుతోందనే అర్థం. టేబులు చూడటానికి ఇంటికి రమ్మనండి. రాడు.

ప్రశ్న: పాత ఫోను అమ్మే ముందు, వేరొకరి పాత ఫోను కొనే ముందు ఏమి చూడాలి? (సీతమ్మధార నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: అమ్మేటప్పుడు సిమ్ము, మెమరీ కార్డు తీసేయండి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతాను తొలగించి, ఐఫోనులో ‘ఫైండ్ మై’ ఆపి, ఆ తరువాతే రిసెట్ చేయండి. లేకపోతే కొన్నవారికి ఫోను తెరుచుకోదు, రాత్రి పదకొండింటికి మీకు ఫోను చేస్తారు. కొనేటప్పుడు డయలర్‌లో *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) చూడండి. ఇంగ్లిషు అక్షరాల్లో కేవైఎం అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు సందేశం పంపండి. బ్లాక్ అయిన ఫోనైతే ఆ సంగతి జవాబులో వస్తుంది. ఈ పని అమ్మేవారి ఎదుటే, డబ్బు చేతికివ్వక ముందే చేయండి.