రిటైర్మెంట్‌కి ఏడాది ముందు: టీచర్ల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: తెలంగాణలో జెడ్పీ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని. 34 ఏళ్ల సర్వీసు. వచ్చే ఏడాది 61 నిండుతాయి. అందరూ ‘హాయిగా బయటపడుతున్నావ్’ అంటున్నారు. నాకేమో పదో తరగతి గదిలోకి అడుగుపెడితే గొంతు పట్టేస్తోంది. ఇది నా ఒక్కడికేనా? కాగితాల పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

జవాబు: మీ ఒక్కరికే కాదు మాస్టారూ. హెచ్ఎంలలో చాలామందికి ముందు కలిగేది ఊరటే. మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ నివేదికలు నెత్తిమీంచి దిగుతాయి కదా. చివరిదాకా చాక్‌పీసు పట్టినవాళ్లకే ఆ గది వదలడం కష్టం. రిటైరయ్యే నెల విద్యా సంవత్సరం మధ్యలో పడితే మరీను. మీ తర్వాత వచ్చే టీచరు కోసం ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ పాఠం ఎంతవరకు అయింది, ఎవరు ఇంకా భిన్నాల దగ్గరే తడబడుతున్నారు, ఎవరికి ఇంట్లో చదువుకునే వీల్లేదు, అన్నీ రాసి ఇవ్వండి. పిల్లల్ని ఒకరి చేతిలో పెట్టి వచ్చామన్న తృప్తి ఉంటుంది.

కాగితాల పని మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టండి. దిగులులో సగం సర్వీస్ రిజిస్టర్ దగ్గరే ఉంటుంది. ఎస్ఆర్ అడిగి తీసుకుని పేజీ పేజీ చూడండి. ఏటా సర్వీసు సరిచూసినట్టు డీడీవో (జీతాల బిల్లు పెట్టే అధికారి) సంతకం ఉందా? ప్రతి బదిలీలో రిలీవైన తేదీకి, చేరిన తేదీకి మధ్య ఖాళీ ఉందా? ప్రతి పీఆర్సీలో (వేతన సవరణలో) వేతన స్థిరీకరణ ఎక్కిందా? జీతం లేని సెలవుకు ఉత్తర్వు అతికించి ఉందా? ఎక్కువగా తప్పేది మొదటి పదేళ్లలోనే. మండలం మారినప్పుడు పాత డీడీవో సంతకం పెట్టకుండానే పుస్తకం పంపేసి ఉంటారు. ఆ సంవత్సరపు అక్విటెన్స్ రిజిస్టర్ (జీతం ముట్టినట్టు సంతకాలుండే పుస్తకం) వెతికించి సంతకం చేయించాలి. పాత కట్టలు దొరకడానికి నెలలు పడుతుంది. ఆఖరి నెలలో ఆ పని అయ్యేది కాదు.

డబ్బు సంగతి: 2004 సెప్టెంబర్ 1కి ముందే చేరారు కాబట్టి మీది పాత పెన్షన్. 33 ఏళ్లు దాటాయి గనుక చివరి మూలవేతనంలో సగం పెన్షన్‌గా వస్తుంది. అందులో 40 శాతం వరకు కమ్యుటేషన్ చేసుకోవచ్చు, అంటే నెలనెలా వచ్చే ఆ భాగానికి బదులు ఒకేసారి మొత్తం తీసుకోవచ్చు. కోసిన భాగం 15 ఏళ్లకు తిరిగి కలుస్తుంది. గ్రాట్యుటీ గరిష్ఠం 16 లక్షలు. వేసవి సెలవులున్న మనకు ఏడాదికి ఈఎల్స్ (ఆర్జిత సెలవులు) ఆరే గనుక ‘నాకేం మిగల్లేదు’ అనుకునేవాళ్లు చాలామంది. అర్ధవేతన సెలవులు ఏడాదికి 20 చొప్పున జమవుతాయి. రెండూ కలిపి 300 రోజుల దాకా నగదు చేసుకోవచ్చు, అర్ధవేతన సెలవులకు సగం జీతం లెక్కన. సెలవుల ఖాతా కూడా ఇప్పుడే సరిచూయించండి.

ప్రశ్న: మావారు హెచ్ఎంగా రిటైరై నాలుగు నెలలు. ఉదయం తొమ్మిదికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చుంటున్నారు. మనవడి హోంవర్క్ మీద కోడలితో మాటామాటా వస్తోంది.

జవాబు: అమ్మా, ఇన్నేళ్లు గంట మోగితే లేచిన మనిషి. ఆ వేళకు ఆయనకో పని ఉండాలి. తీర్థయాత్రలతో అది తీరదు. వీధిలో పదో తరగతి లెక్కల్లో వెనకబడిన పిల్లలు ఆరేడుగురిని వారానికి మూడు సాయంత్రాలు అప్పజెప్పండి. మనవడి పుస్తకాలు వాళ్లమ్మకే వదిలేయమని మెల్లగా చెప్పండి. పాత బడికి మాత్రం ఈ ఏడాది పిలిస్తేనే వెళ్లమనండి. కొత్త హెచ్ఎంకు ఇబ్బంది. ఛార్జి జాబితాలో అడ్మిషన్ రిజిస్టర్, టీసీ పుస్తకం, స్టాక్ రిజిస్టర్, బీరువా తాళాలు అన్నీ అప్పగించి సంతకం తీసుకున్నారో లేదో కూడా అడగండి. అవి తేలకపోతే నో డ్యూస్ సర్టిఫికెట్ ఆగుతుంది. నిద్ర, తిండి కొన్ని వారాలుగా తగ్గితే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లో ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్‌ని). పుట్టిన తేదీ జూలై 1. ఏ రోజు దిగిపోవాలి?

జవాబు: ఆంధ్రలో రిటైరయ్యే వయసు 62. మీకు అది నిండేది జూన్ 30తో, దిగిపోవాల్సింది ఆ సాయంత్రమే. బళ్లో వేసేటప్పుడు అయ్యవార్లు రాసిన తేదీలు గనుక మన తరంలో ఇలాంటివాళ్లు ఎందరో. మీ ఇంక్రిమెంట్ తేదీ కూడా జూలై 1 అయితే వదులుకోకండి. ఏడాది పనిచేసి సంపాదించిన ఇంక్రిమెంటును మర్నాడు సర్వీసులో లేరన్న కారణంతో ఆపకూడదని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రతి జతచేసి, పెన్షన్ కాగితాలతోపాటే డీడీవోకు దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి.