ఆ వాల్వు పీకించొద్దు తమ్ముడూ

జూన్ సెలవులకి తిరుపతి వచ్చి నాలుగు రోజులైంది. నిన్న సాయంత్రం బైరాగిపట్టెడలో మా వెనక వీధి పెద్దాయన ఫోన్ పట్టుకుని ఇంటికొచ్చారు. వాళ్ళబ్బాయి అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఎమ్మెస్ చదువుతున్నాడు. 1994 మోడల్ టొయోటా కామ్రీ కొన్నాడు, అది అక్కడి పొగ పరీక్ష, అదే స్మాగ్ టెస్టులో ఫెయిలయింది. "ఏదో వాల్వు పోయిందంట. దాన్ని పీకేసి రేకు బిగిస్తాను, పాస్ చేసే చోటు కూడా నాకు తెలుసు అని మెకానిక్కు చెప్తున్నాడంట. పీకించమంటావా నాయనా?" అని అడిగారు. ఆయనకి వద్దని చెప్పి పంపాను. ఎందుకు వద్దో మాత్రం అబ్బాయికే రాయాలి.

తమ్ముడూ, నీ రిపోర్టు ఫోటో చూశాను. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు రెండూ పాస్. నైట్రిక్ ఆక్సైడ్ ఒక్కటే గంటకి 15 మైళ్ళ దగ్గరా, 25 మైళ్ళ దగ్గరా ఎక్కువొచ్చింది. అందుకే ముందు అనుమానించాల్సింది ఈజీఆర్ వాల్వునే. ఆ మెకానిక్కు సరైన వాల్వునే పట్టుకున్నాడు, చెప్పిన వైద్యమే తప్పు.

మన ఘాట్ రోడ్డు గుర్తు తెచ్చుకో. పాత అంబాసిడర్లో నిండా జనం ఎక్కి కొండకి పోతుంటే, గేరు తగ్గించకుండా లాగితే ఇంజన్ టకటకా కొట్టుకునేది. లోడు పడేకొద్దీ సిలిండర్లో వేడి పెరుగుతుంది. ఆ వేడికి గాలిలోని నత్రజని, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతాయి, నీ రిపోర్టులో ఎక్కువొచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ వాటిలో ఒకటి. ఈజీఆర్ వాల్వు చేసేది చిన్న పనే. కాలిపోయిన పొగలో కొంత తీసి మళ్ళీ ఇంజన్లోకి పంపుతుంది. అందులో కాలడానికి పెద్దగా ఏమీ మిగలదు కాబట్టి మంట వేడి తగ్గుతుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఈ వాల్వు మూసుకునే ఉంటుంది. ఇక్కడ పెట్రోలు బంకు దగ్గర పీయూసీ కోసం బండిని నిలబెట్టి పైపులో గొట్టం పెడతారే, అలాంటి పరీక్షలో ఈ లోపం దొరకదు. మీ దగ్గర 1999 దాకా మోడళ్ళని రోలర్ల మీద లోడు పెట్టి తిప్పుతారు, అందుకే దొరికింది.

రేకు బిగిస్తే ఏమవుతుందో నేను అనుభవించాను. 2004లో అక్కడే నా పాత కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఆఫ్ అయ్యేది. వాల్వు మూసుకోకుండా ఇరుక్కుపోయిందని ఒక షాపులో దాన్ని తీసేసి రేకు పెట్టారు. డబ్బు తక్కువైందని సంతోషించాను. ఎండలు ముదిరాక హైవే మీద ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ కొట్టుకోవడం మొదలైంది. తర్వాతి స్మాగ్ టెస్టులో ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తగానే ఫెయిల్ రాశాడు. బానెట్ కింద స్టిక్కరు ఉంటుంది. ఆ ఇంజన్‌కి కంపెనీ ఏయే కాలుష్య నియంత్రణ పరికరాలు పెట్టిందో అందులో ఉంటుంది. అవన్నీ కళ్ళకి కనిపించాలి. పైపులో అంకెలు ఎంత బాగున్నా ఒక్కటి లేకపోతే ఫెయిలే. నా వాల్వుని షాపువాళ్ళు పారేశారు. అలాంటిదే ఇంకోటి కోసం వారాల తరబడి స్క్రాపు యార్డులు తిరిగాను.

నువ్వు చేయాల్సింది ఇది. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో పెట్టి, గాలిని లాగే చేతి వాక్యూమ్ పంపుతో ఈజీఆర్ వాల్వుకి వాక్యూమ్ ఇవ్వు, ఆ లాగుడుకే అది తెరుచుకుంటుంది. ఇంజన్ తడబడినా, ఆగిపోయినా మంచి గుర్తు. వాల్వు తెరుచుకుంటోంది, పొగ దారి కూడా ఉంది. లోపం ఆ వాల్వుకి వాక్యూమ్ అందించే వైపు ఉంది. సన్న రబ్బరు ట్యూబులు ముప్పై ఏళ్ళకి పగిలిపోతాయి. కొత్తవి పార్ట్స్ షాపులో అడుగుల లెక్కన కొద్ది డాలర్లకే దొరుకుతాయి. ఫోటో తీసుకుని ఒక్కొక్కటే మార్చు, అన్నీ ఒకేసారి పీకావంటే ఏది ఎక్కడిదో తెలియక టెన్షన్ పడతావు. టొయోటాల్లో ఆ వాక్యూమ్‌ని ఎక్కువ తక్కువ చేసే వాక్యూమ్ మాడ్యులేటర్ మూత కింద చిన్న ఫిల్టర్ ఉంటుంది, అది మూసుకుపోయినా ఇదే గోల. ఇంజన్ అసలు తడబడలేదంటే వాల్వు ఇరుక్కుందో, దారిలో మసి గట్టిపడిందో చూడాలి. విప్పి, మసి ఇంజన్లో పడకుండా గోకి, కొత్త గాస్కెట్ వేసి బిగిస్తే చాలాసార్లు పని అయిపోతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా అంకె దిగకపోతే అప్పుడు పొగ గొట్టంలో పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ గురించి ఆలోచించు, ముందే మార్చొద్దు. మారిస్తే కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఆమోదించినట్టు ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉన్నదే, నీ ఇంజన్‌కి సరిపోయేదే కొను. వేరే రాష్ట్రం నుంచి చవగ్గా తెప్పించింది అక్కడ చెల్లదు. ఏదైనా పార్టు నిజంగానే మార్కెట్లో లేకపోతే ఇలాంటి చిక్కు కేసులు చూసే స్మాగ్ చెక్ రిఫరీ దగ్గరికి వెళ్ళొచ్చు.

"పాస్ చేసే చోటు" జోలికి మాత్రం పోకు. పరికరం తీసేయడం ఫెడరల్ చట్టం ప్రకారమే తప్పు, దొంగ సర్టిఫికెట్ ఇంకో తప్పు. వీసా మీద ఉన్న పిల్లాడివి, నీకెందుకది? రిపేరయ్యాక ఇరవై నిమిషాలు బండి నడిపి, ఇంజన్ వేడిగా ఉండగానే ముందు ప్రీ టెస్టు చేయించు. అది అధికారిక లెక్కలోకి రాదు.

ఇంకో సంగతి. కారు నీ పేరుకి మార్చేటప్పుడు 90 రోజుల్లోపు తీసిన స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మినవాడే. ఆ కాగితం నీ చేతికి రాకుండానే డబ్బులిచ్చేశావని మీ నాన్నగారు చెప్పారు. అతని మెసేజీలు దాచిపెట్టు, రిపేరు ఖర్చు ముందు అతన్నే అడుగు.

బానెట్ కింద స్టిక్కరుని అక్షరాలు కనపడేలా ఫోటో తీసి పంపు. రాత్రి తొమ్మిదికి నేను ఖాళీ, నీకప్పుడు పొద్దున ఎనిమిదిన్నర. వీడియో కాల్ చేస్తే ఏ ట్యూబు ఎక్కడికి పోవాలో ఇద్దరం కలిసి చూద్దాం.